ఇంటివాళ్ళు లేని తాళం

విజయవాడ,
ఫిబ్రవరి 11, మంగళవారం.

సంపూర్ణమ్మ టీచరు గారికి ఖయ్యూమ్ సలాములు.

నెలకో ఉత్తరం రాయకపోతే నేర్చుకున్న అక్షరాలకి తుప్పు పడుతుందని మీరన్నారు. ముప్పై రెండేళ్ళుగా రాస్తున్నాను. ఈ నెలది ఇది. ఫోనుండగా ఉత్తరం ఏమిటి మామా అని మా కోడలు సాలేహా నవ్వుతుంది. నవ్వనీ.

మేము బాగున్నాం. మా వాడు జాహిద్ గన్నవరం విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పనిలోనే ఉన్నాడు. నా తాళాల బడ్డీ బాగానే నడుస్తోంది. మోకాలు మాత్రం ఇవాళ పట్టేసింది. ఎందుకో కింద రాస్తాను.

ఇవాళ పోలీస్ స్టేషన్ నుంచి జీపు వచ్చింది. ఈ మధ్య తరచుగా వస్తోంది. వాళ్ళు ఎక్కడన్నా సోదా చేస్తే తాళం తీయడానికి మనిషి కావాలి. చూశామని సంతకం పెట్టడానికి ఇద్దరు పెద్దమనుషులు కావాలి. నేను రెండింటికీ పనికొస్తాను. ఎస్సై గారు నన్ను పెద్దాయనా అనే పిలుస్తారు. బెంచీ మీద కూర్చోబెట్టి టీ ఇప్పిస్తారు.

కొండ పక్క వీధిలో మెట్లెక్కితే ఒక పై గది. తాళం ఏడు లీవర్లది, మంచి సరుకు. ఇంటివాళ్ళెవరూ లేరు. "ఆ మనిషి వచ్చాక తీద్దామండీ" అన్నాను. "సర్కారు పని, తియ్యి పెద్దాయనా" అన్నారు ఎస్సై గారు. నాలుగు నిమిషాల్లో తీశాను. తాళానికి గీత కూడా పడలేదు. కరిముల్లా ఉస్తాద్ బతికుంటే చెయ్యి విరగ్గొట్టేవాడు. మనిషి ఎదురుగా లేకుండా తాళం ముట్టుకోవద్దని పని నేర్పేటప్పుడు నాతో ఒట్టు వేయించుకున్నాడు.

గదిలో ఏమీ లేదు. మడత మంచం, స్టవ్వు, పుస్తకాలు, రెండు అట్టపెట్టెల నిండా కాగితాలు. తాళం తీసే నా కడ్డీ ఒకటి దొర్లి మంచం కిందికి పోయింది. నేల మీద పాకి తీసుకున్నాను. అక్కడ బూజు తప్ప ఇంకేమీ లేదు. మోకాలు అప్పుడు పట్టేసింది. కిటికీలో బందరు లడ్డూల డబ్బా ఉంది. మీ ఊరిది కాబట్టి గుర్తుపట్టాను. కానిస్టేబుల్ కిరీటి రెండు తిన్నాడు. "అడక్కుండా తినకూడదురా" అన్నాను. "తాళమే అడక్కుండా తీశావు కదా తాతా" అన్నాడు.

అట్టపెట్టెలు జీపులో వేసుకున్నారు. బానెట్ మీద ఐదు తెల్ల కాగితాలు పెట్టి కింద నా చేత సంతకాలు పెట్టించారు. పైన తర్వాత రాసుకుంటారట. ఐదుసార్లూ ఒకేలాగా వచ్చింది. మీరుంటే మెచ్చుకునేవారు.

నాలుగింటికి తపాలా డబ్బా తీస్తారు. వెళ్ళి వేసి వస్తాను. జవాబు విడివిడి అక్షరాలతో రాయండి.

ఖయ్యూమ్


మచిలీపట్నం,
ఫిబ్రవరి 19.

ఖయ్యూమ్ గారికి, నమస్కారం.

మీ ఇన్‌లాండ్ లెటరు పద్నాలుగున అందింది. జవాబు ఆలస్యమైంది. కారణం రాస్తాను. నెమ్మదిగా చదవండి.

మా తమ్ముడి కొడుకు సిద్ధార్థ గురించి ఎప్పుడో రాశాను. పదేళ్ళప్పటి నుంచి నా దగ్గరే పెరిగాడు. ఇప్పుడు విజయవాడలో తిరుపతిరావు గారనే లాయరు దగ్గర జూనియరు. పన్నెండో తేదీ పొద్దున్న వాణ్ణి అరెస్టు చేశారు. మీరు తాళం తీసిన గది వాడిదే. ఆ లడ్డూలు నేను పంపినవి.

వాడు చేసిన పని ఇది. ఆ స్టేషన్‌లో కేసు లేకుండా కూర్చోబెట్టి కొట్టినవాళ్ళు పదకొండు మంది ఉన్నారు. వాళ్ళ చేత జరిగింది చెప్పించి రాసుకున్నాడు. మానవ హక్కుల కమిషన్‌కి పంపాడు. అట్టపెట్టెల్లో ఉన్నవి ఆ కాగితాలు.

పోలీసులు కోర్టుకిచ్చిన కాగితంలో మరో మాట ఉంది. మంచం కింద ఇనప పెట్టె ఉందట. అందులో కొండలు పేల్చే జిలెటిన్ కడ్డీలు పద్నాలుగు దొరికాయట. సోదాని వీడియో తీయాలని రూలుంది. సెల్లులో చార్జింగ్ అయిపోయిందని రాశారు. ఇద్దరు పెద్దమనుషులు దగ్గరుండి చూశారనీ, చదివి వినిపిస్తే సరిగ్గా ఉందని ఒప్పుకుని సంతకం చేశారనీ ఉంది. ఒకరు ఎవరో ప్రభుత్వోద్యోగి. రెండో సంతకంలో ఖ తోక పైకి తిరిగి ఉంది. అలా తిప్పడం మీకు నేర్పింది నేనే.

మూడు ప్రశ్నలు. మంచం కింద పెట్టె ఉందా? ఆ ప్రభుత్వోద్యోగి మీతో మెట్లెక్కాడా? కాగితం మీకు ఎవరైనా చదివి వినిపించారా?

కోపంతో రాయడం లేదు. కోపం ఉందో లేదో ఇంకా చూసుకోలేదు. మీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు.

సంపూర్ణమ్మ


విజయవాడ,
ఫిబ్రవరి 27.

టీచరు గారికి.

నేను పెద్దవాణ్ణి. చూపు సరిగ్గా ఆనదు. రోజుకి పది తాళాలు తీస్తాను. ఏ గదిలో ఏముందో గుర్తుండదు. పోలీసు కాగితాల్లో ఏముందో పోలీసులకి తెలుస్తుంది.

మీ అబ్బాయికి మంచి జరగాలి.

ఇక్కడ ఎండ మొదలైంది. దీన్ని మార్చి నెల ఉత్తరం కింద వేసుకోండి.

ఆ పాత ఉత్తరం చించేయండి.

ఖయ్యూమ్


మచిలీపట్నం,
మార్చి 10.

ఖయ్యూమ్ గారికి, నమస్కారం.

ఉత్తరం చించలేదు. చించమని అడిగే హక్కు మీకుంది. కానీ నా చెయ్యి రాలేదు. బీరువాలో పెట్టాను.

సిద్ధార్థకి బెయిలు ఇవ్వలేదు. పేలుడు సామాను కేసు కాబట్టి ఇప్పట్లో రాదన్నారు. తిరుపతిరావు గారు బందరు వచ్చారు. గది తెరిచినప్పుడు చూసిన మనిషి అదే రోజు రాసిన ముక్క ఒకటి నా దగ్గరుందని చెప్పాను. పేరు చెప్పలేదు. ఆయన కుర్చీలోంచి లేచారు. ఇన్‌లాండ్ లెటరా, తపాలా ముద్ర ఆ కాగితం మీదే ఉంటుందండీ అన్నారు. పదకొండో తేదీ ముద్ర. అరెస్టు పన్నెండున. అంటే ఈ కేసు పుట్టకముందు రాసింది. కోర్టులో దానికి విలువ ఉంటుందట.

ఇవ్వమన్నారు. రాసినవాళ్ళు ఒప్పుకోకుండా ఇవ్వనన్నాను. ఆయనకి కోపం వచ్చింది.

"జైల్లో ఉన్నది మీ మేనల్లుడండీ" అన్నారు.

"అడక్కుండా తెరవడం వల్లే కదండీ వాడు జైల్లో ఉంది" అన్నాను.

ఆయన కాఫీ తాగకుండా వెళ్ళిపోయారు. మంచివాడే. మళ్ళీ వస్తారు.

ఉత్తరం నా చేతికి వచ్చినా అందులోని మాట మీది. ఆ గది తాళం విషయంలో మీరు చేసింది మీ ఉత్తరం విషయంలో నేను చేయలేను. మీకు గుర్తులేదని రాశారు. గుర్తుండక్కర్లేదు. రాసి ఉంది. ఇవ్వమంటారా వద్దంటారా, అది ఒక్కటి రాయండి.

సంపూర్ణమ్మ


విజయవాడ,
ఏప్రిల్ 6.

టీచరు గారికి ఖయ్యూమ్ సలాములు.

ఇన్‌లాండ్ సరిపోదని తెల్ల కాగితాల మీద రాసి కవర్లో పెడుతున్నాను. నాలుగు రోజులు పట్టింది రాయడానికి.

నాకు గుర్తుంది. పెట్టె లేదు. ఆ ప్రభుత్వోద్యోగిని నేను ఇంతవరకు చూడనే లేదు. ఎవరూ ఏమీ చదివి వినిపించలేదు. కాగితం మీద అక్షరం ఉంటే కదా వినిపించడానికి.

కిందటి ఉత్తరంలో అబద్ధం ఎందుకు రాశానో చెబుతాను. మీ ఉత్తరం వచ్చిన రోజే ఎస్సై నా బడ్డీ దగ్గర బండి ఆపాడు. దిగలేదు. "మీవాడి విమానాశ్రయం పాసు జూన్‌తో అయిపోతుంది కదా పెద్దాయనా. కొత్త పాసుకి మా రిపోర్టు కావాలి. గుర్తుందా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పాసు లేకపోతే జాహిద్‌ని గేటు లోపలికి రానివ్వరు. వాడికి ఇద్దరు ఆడపిల్లలు.

అది ఒకటి. రెండోది చెప్పుకోవడం దానికంటే కష్టం. కోర్టుకి వెళితే చదివి సంతకం పెట్టావా అని అడుగుతారు. తర్వాత చదవమని చేతికిస్తారు. ఆ కాగితం గొలుసుకట్టులా అక్షరాలన్నీ అంటుకున్న కలిపిరాతలో ఉంటుంది. నాకు కలిపిరాత రాదు. అచ్చక్షరాలు వస్తాయి, మీరు నా కోసం విడివిడిగా రాసేవి వస్తాయి, నేను రాసింది వస్తుంది. అంతే. ఆ సంగతి మా ఇంట్లో కూడా తెలియదు. పొద్దున్నే బడ్డీలో పేపరు తెరిచి కూర్చుంటాను. పెద్దక్షరాలు చదివి మిగతాది చూస్తూ ఉంటాను. వీధిలోవాళ్ళు వచ్చి ఏం రాశాడు భాయ్ అని అడుగుతారు. పెద్దక్షరాలది చెబుతాను. నన్ను పెద్దమనిషి అనేది అందుకే. పోలీసులు సంతకానికి పిలిచేదీ అందుకే.

తాళం పనిలో నన్ను వేలెత్తి చూపించినవాడు లేడు. ఇప్పుడు తాళం తప్పుగా తీశాననీ, చదవడం రాదనీ రెండూ నా నోటితో పదిమందిలో చెప్పాలి. డెబ్బై రెండేళ్ళు వచ్చాయి నాకు.

ఇవ్వమని రాయలేను. వద్దని కూడా రాయలేకపోతున్నాను.

ఖయ్యూమ్


మచిలీపట్నం,
మే 3.

ఖయ్యూమ్ గారికి, నమస్కారం.

కలిపిరాత మీకు రాకపోవడంలో నా వాటా ఉంది. మీకు అక్షరాలు నేర్పిన సాయంత్రం బడి ఆరు నెలలే నడిచింది. కలిపిరాత ఏడో నెలలో నేర్పాలి. ఆరో నెల చివర్న సెంటరు ఎత్తేసి, అందరూ చదువుకున్నవాళ్ళయ్యారని బోర్డు పెట్టారు. ఆ బోర్డు దగ్గర ఫోటోలో మీరు, నేను పక్కపక్కనే ఉన్నాం. అప్పుడు నేనూ ఏమీ అనలేదు.

జైలుకి వెళ్ళి సిద్ధార్థని చూశాను. చిక్కాడు. గడ్డం పెంచాడు, బాగోలేదని చెప్పాను. గది ఎలా తెరిచారని అడిగాడు. ఒక పెద్దాయన తీశాడని చెప్పాను. మీరు నాకేమవుతారో చెప్పలేదు.

"విరగ్గొట్టారా అత్తయ్యా?"

"లేదు, నాలుగు నిమిషాల్లో తీశాడట."

"మొదటి జీతంతో కొన్న తాళం అత్తయ్యా అది. ఎవడికీ రాదని కొట్టువాడు చెప్పాడు. చెడలేదా అయితే?" అన్నాడు. జైల్లో మూడు నెలలున్నవాడు తాళం గురించి దిగులు పడతాడని నేననుకోలేదు. బహుశా మిగతావాటి గురించి నాతో మాట్లాడటం ఇష్టం లేదేమో. కుడిచేతి వేళ్ళు ముడవలేకపోతున్నాడు. అడిగితే తలుపు సందులో పడ్డాయన్నాడు.

ఈ సంగతి మీకు మళ్ళీ రాయను. బలవంతపెట్టి ఇప్పించుకున్న మాట కూడా తెల్లకాగితం మీద సంతకం లాంటిదే. నెల ఉత్తరాలు మాత్రం మానకండి. మోకాలికి నువ్వులనూనె కాచి రాయండి.

సంపూర్ణమ్మ


విజయవాడ,
జూన్ 17.

టీచరు గారికి ఖయ్యూమ్ సలాములు.

తాళం చెడలేదని అబ్బాయికి చెప్పండి. లోపల లీవరు ఒక్కటి కూడా వంగలేదు. ఆ కొట్టువాడు చెప్పింది నిజమే, ఈ ఊళ్ళో ఆ తాళం ఇంకెవడికీ రాదు.

ఈ నెల తొమ్మిదిన మళ్ళీ జీపు వచ్చింది. ఎక్కాను. ఆటో నడిపే అతని ఇల్లు. అతను లేడు. భార్య వాకిట్లోనే ఉంది, పాతికేళ్ళుంటాయేమో. ఇంటికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఆమె చేతిలోనే ఉంది.

"తియ్యమ్మా" అన్నాడు ఎస్సై.

"కాగితం చూపించండి సార్, తీస్తాను. కాగితం లేకుండా తీయొద్దని సిద్ధార్థ సార్ చెప్పారు" అంది.

ఆమె మొగుడు ఆ పదకొండు మందిలో ఒకడని నాకప్పుడు తెలిసింది. మీ అబ్బాయి పెట్టెల్లోంచి పేర్లు తీసి ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ఆ పెట్టెలు వాళ్ళకి దొరికింది నేను తాళం తీస్తే.

ఎస్సై నా వైపు తిరిగాడు. "నువ్వు తియ్యి పెద్దాయనా."

నేను సంచీలోంచి కడ్డీ తీశాను. తీసింది నిజమే, దాచను. ఆమె తాళంచెవి పట్టుకుని నా చేతిని చూస్తోంది. యాభై ఐదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. చెవి పోగొట్టుకున్నవాళ్ళకి తాళం తీశాను. చెవి చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషి ముందు ఎప్పుడూ తీయలేదు.

కడ్డీ మళ్ళీ సంచీలో పెట్టాను. "తాళంచెవి ఉన్న మనిషి ఎదురుగా ఉంటే నాతో పనేముందండీ. కాగితం చూపిస్తే ఆమే తీస్తుంది" అన్నాను.

"ఏమైంది పెద్దాయనా నీకు?"

"ఏం కాలేదండీ. నాకిది రాదు."

అందరికీ వినపడేలా రాదన్నాను. ఆ మాట అంత కష్టంగా లేదు. మెట్లు దిగి నడిచి వచ్చాను. జీపులో దింపలేదు.

పన్నెండున ఎస్సై నా ఫోను తీసుకున్నాడు, ఎంక్వయిరీ అన్నాడు. పద్నాలుగున లారీ వచ్చి బడ్డీ ఎత్తుకుపోయింది, రోడ్డుకి అడ్డమట. ముప్పై ఏళ్ళుగా లేని అడ్డం. చేతిసంచీ మిగిలింది. దాంతో ఇంటింటికీ వెళ్ళి చేస్తాను.

ఉత్తరం లాయరు గారికి ఇవ్వండి. ఖయ్యూమ్ అనే నేను ఒప్పుకుని ఇవ్వమంటున్నాను. ఇది నేనే రాసి, చదువుకుని పెడుతున్న సంతకం.

షేక్ ఖయ్యూమ్


మచిలీపట్నం,
జులై 8.

ఖయ్యూమ్ గారికి, నమస్కారం.

ఇచ్చాను. తిరుపతిరావు గారు రెండుసార్లు చదివారు. రెండోసారి లడ్డూల దగ్గర నవ్వారు. ఈసారి కాఫీ తాగారు. ముద్దాయి జైల్లో ఉన్నాడు కాబట్టి కేసు త్వరగా విచారించమని అడుగుతారట. పోలీసులు మిమ్మల్ని తమ సాక్షిగానే పిలుస్తారు. మీరు చూసింది చూసినట్టు చెప్పడమే. ఇంకేమీ కలపొద్దన్నారు.

జాహిద్ పాసు ఏమైందో మీరు రాయలేదు. రాయకపోతే తెలియదనుకోకండి.

సంపూర్ణమ్మ


విజయవాడ,
ఆగస్టు 12.

టీచరు గారికి.

పాసు రాలేదు. రిపోర్టు వెళ్ళలేదట. జాహిద్ కంకిపాడులో బియ్యం మిల్లుకి వెళ్తున్నాడు, బస్తాలు మోస్తాడు. నాతో మాట్లాడటం లేదు. అన్నం దగ్గర కూర కావాలంటే సాలేహాకి చెప్పి అడిగిస్తున్నాడు. లాయరు గారు పాసు గురించి హైకోర్టులో వేద్దామన్నారు. జాహిద్ సంతకం కావాలి. పెట్టనన్నాడు.

సాలేహాకి మాత్రం కలిపిరాత సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "పేపరు నేను చదివి పెడతాను మామా" అంది. రోజూ చదువుతోంది. పేపర్లో ఇన్ని సంగతులుంటాయని నాకు తెలియదు.

ఖయ్యూమ్


విజయవాడ,
నవంబర్ 21.

టీచరు గారికి ఖయ్యూమ్ సలాములు.

మీరు కాలు బాగోక రాలేకపోయారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న పదకొండింటికి బోనెక్కించారు. మీ అబ్బాయిని అక్కడే మొదటిసారి చూశాను. గడ్డం నిజంగానే బాగోలేదు. జడ్జి గారు ఆడమనిషి, మెల్లగా మాట్లాడతారు. ప్రభుత్వం తరఫు లాయరు ఆ కాగితం చూపించి, సంతకం నీదేనా అన్నాడు. నాదే అన్నాను. మంచం కింద పెట్టెలో జిలెటిన్ కడ్డీలు చూశావా అన్నాడు. పెట్టె లేదండీ అన్నాను. ఆయన ఎస్సై వైపు చూశాడు. తర్వాత జడ్జి గారితో, సాక్షి ఎదురు తిరిగాడు, గట్టిగా ప్రశ్నలడగడానికి అనుమతివ్వండి అన్నాడు.

"చదివి సంతకం పెట్టావని ఇందులో ఉంది కదా?"

"తెల్ల కాగితం మీద పెట్టానండీ."

"నువ్వు పెద్దమనిషివి. రోజూ పేపరు చదువుతావు. తెల్ల కాగితం మీద ఎందుకు పెడతావు?"

"పిలిచి టీ ఇచ్చి పెద్దాయనా అన్నారండీ. పెట్టాను."

వెనకాల నవ్వారు. మా వీధివాళ్ళు నలుగురు వచ్చారు. జాహిద్ కూడా వచ్చాడు, చివరి బెంచీలో కూర్చున్నాడు. ఆ లాయరు కాగితం నా చేతికిచ్చాడు. "చదువు."

చూశాను. కలిపిరాత. పైనుంచి కిందికి నల్ల దారంలా ఉంది.

"నాకిది చదవడం రాదండీ" అన్నాను.

చెప్పాక మీ అబ్బాయి వైపు చూడలేదు. జాహిద్ వైపు చూశాను. వాడు తల దించుకోలేదు.

"అబద్ధం. నువ్వు నెలనెలా ఉత్తరాలు రాస్తావని మీ వీధంతటికీ తెలుసు. చదవడం రానివాడు ఉత్తరాలెలా రాస్తాడు?" అన్నాడు ఆయన. ఆ ప్రశ్న కోసమే తిరుపతిరావు గారు కాచుకున్నట్టున్నారు. తన వంతు రాగానే లేచి మన ఇన్‌లాండ్ జడ్జి గారికి ఇచ్చారు. ఆమె ముద్ర చూశారు, వెనక్కి తిప్పి మళ్ళీ చూశారు. "ఇది మీరు రాసిందేనా? అయితే మీరే చదవండి" అన్నారు.

నిలబడి చదివాను. నా రాత నాకు వచ్చు. వేలు పెట్టుకుని చదివాను, మీరు వేలు తీయమనేవారు, తీయలేకపోయాను. అరగంట పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. మంచం కింద బూజు దగ్గరికి వచ్చినప్పుడు జడ్జి గారు, ఆ వాక్యం మళ్ళీ అన్నారు. మళ్ళీ చదివాను. కిరీటి లడ్డూలు తిన్నది చదివితే వాడు గోడ వైపు తిరిగాడు. ఉస్తాద్‌కి వేసిన ఒట్టు చదివాను. ఐదుసార్లూ ఒకేలాగా వచ్చింది, మీరుంటే మెచ్చుకునేవారు అన్నది కూడా చదివాను. అది వదిలేద్దామనుకున్నాను. వదిలేస్తే అది కూడా ఒక రకం తెల్ల కాగితమే.

ప్రభుత్వం లాయరు మళ్ళీ లేచాడు. "అప్పుడు పోలీసులతో చనువుగా ఉన్నావు. ఇప్పుడెందుకు మాట మారుస్తున్నావు?"

"నేను మార్చలేదండీ. నా మాట ఆ రోజే రాసి డబ్బాలో వేశాను. ఆ కాగితంలో మాట తర్వాత వచ్చింది."

దిగమన్నారు. దిగేటప్పుడు మోకాలు పట్టేసింది. జాహిద్ వచ్చి రెక్క పట్టుకున్నాడు. బయట సోడా ఇప్పించాడు. "అబ్బాజాన్, ఆ హైకోర్టు కాగితం ఎక్కడుంది, సంతకం పెడతాను" అన్నాడు. "చదివి పెట్టు" అన్నాను.

ఖయ్యూమ్


మచిలీపట్నం,
డిసెంబర్ 13.

ఖయ్యూమ్ గారికి, నమస్కారం.

తీర్పు మీకు తెలిసే ఉంటుంది. మంచం కింద ఏమీ లేదని ఆ రోజే రాసిన ఉత్తరాన్ని నమ్ముతున్నానని జడ్జి గారు రాశారు. వాడు పదో తేదీన బయటికి వచ్చాడు. ఇంటికొచ్చి ముందు గడ్డం తీశాడు. రెండు రోజులు నిద్రపోయాడు. నిన్న అడిగాడు, నీ పేరు మీద ఉత్తరం ఎలా వచ్చింది అత్తయ్యా, ఆయన నీకేమవుతాడు అని. నా దగ్గర చదువుకున్నాడని చెప్పాను.

ఏడో నెల పాఠం ఆగిపోయింది కదా. వచ్చే నెల నుంచి ఒక్కో వాక్యం కలిపిరాతలో రాస్తాను. కింద విడిగా కూడా రాస్తాను. నేర్చుకుంటారా?

కోపం ఉందో లేదో చూసుకోలేదని మీకు మొదట్లో రాశాను. ఉంది. చాలా రోజులుంది. ఇప్పుడు వెతికితే దొరకలేదు.

సంపూర్ణమ్మ


విజయవాడ,
డిసెంబర్ 27.

టీచరు గారికి ఖయ్యూమ్ సలాములు.

నేర్చుకుంటాను. రాయండి.

పద్దెనిమిదిన సిద్ధార్థ మా ఇంటికి వచ్చాడు. గదికి పోలీసులు తమ తాళం వేసి ఉంచారు. కోర్టు తెరవమంది. తాళంచెవి కనపడటం లేదని స్టేషన్‌లో చెప్పారట. నన్ను రమ్మన్నాడు. సంచీ తీసుకుని వెళ్ళాను. అతనికి నాతో ఏం మాట్లాడాలో తెలియదు, నాకూ అంతే.

తలుపు ముందు ఆగాను. "కోర్టు కాగితం ఉందా?" అన్నాను.

"ఉంది తాతగారూ."

"చదువు."

మొత్తం చదివాడు. అప్పుడు కడ్డీ తీశాను. నాసిరకం తాళం, అర నిమిషం కూడా పట్టలేదు. తలుపు అతన్నే తెరవమన్నాను. లోపల లడ్డూల డబ్బా నిండా చీమలు. అట్టపెట్టెలు తిరిగి ఇవ్వలేదు, మళ్ళీ అందరి దగ్గరికీ వెళ్ళి రాసుకుంటానన్నాడు. అతని ఏడు లీవర్ల తాళం కిటికీలోనే పడి ఉంది. నూనె వేసి, నాలుగుసార్లు తిప్పి చూపించి చేతికిచ్చాను. "చెడలేదు" అన్నాడు. చెడదని చెప్పాను కదా.

జాహిద్ పాసు కేసు జనవరిలో వస్తుందట. బడ్డీ ఇంకా ఇవ్వలేదు.

ఇరవై రెండున కిరీటి వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"ఎస్సై గారు స్టేషన్‌కి రమ్మంటున్నారు తాతా."

"ఎందుకు?"

"ఊరికే, మాట్లాడటానికి."

"రాసి ఇమ్మను."

"ఏం రాయాలి?"

"ఎందుకు రమ్మంటున్నారో రాయాలి. కింద ఆయన సంతకం ఉండాలి. విడివిడి అక్షరాలతో రాయమను. చదువుకుని వస్తాను."

వాడు వెళ్ళిపోయాడు. ఐదు రోజులైంది. ఇంకా రాస్తున్నట్టున్నారు.

ఖయ్యూమ్